తెరువేల్ కొండల్లో సైకిల్ మీద వారం రోజులు: బాట, నీళ్ళు, తిండి, రిపేర్లు

స్పెయిన్‌లో సైకిల్ యాత్ర అనగానే చాలామంది సముద్రపు ఒడ్డో, శాంతియాగో వెళ్ళే యాత్రికుల బాటో వెతుక్కుంటారు. ఆ రెండింటికీ దూరంగా, తెరువేల్, గ్వాదలహారా, క్వెంకా ప్రావిన్సులు ఒకదాన్నొకటి తాకే చోట మోంతెస్ ఉనివెర్సాలెస్ అనే కొండల గుంపు ఉంది. తాహో నది పుట్టేది ఇక్కడే. వెయ్యి కిలోమీటర్లు పారి లిస్బన్ దగ్గర అట్లాంటిక్‌లో కలుస్తుంది. దాని ఊటకి కాస్త దూరంలోనే పుట్టే గ్వాదలవియార్ తూర్పుకి తిరిగి, తెరువేల్ దగ్గర తూరియా అని పేరు మార్చుకుని, వాలెన్సియాలో మధ్యధరా సముద్రం చేరుతుంది. హూకర్, కాబ్రియెల్ నదులూ ఈ చుట్టుపక్కల పుట్టినవే. ఇన్ని నదులు ఇన్ని లోయలు కోశాయి కాబట్టే ఈ కొండల్లో సైకిల్‌కి దారి దొరుకుతుంది.

ఇక్కడి ఎత్తులు చూసి బెదరక్కర్లేదు. అరకు ఘాట్ ఎక్కిన కాళ్ళకి ఈ ఎక్కుళ్ళు లొంగుతాయి. ఇబ్బందల్లా జనం లేకపోవడంతోనే. తెలంగాణలో చదరపు కిలోమీటరుకి మూడు వందల మందికి పైనే ఉంటే, తెరువేల్ ప్రావిన్సులో దాదాపు 9 మంది ఉంటారు. మ్యాపులో ఊరు కనిపిస్తుంది, అక్కడ కొట్టు ఉండదు. కొట్టు ఉంటే ఆ పూట తెరవరు. మెకానిక్ సంగతి అడగనే వద్దు. అందుకే రోజుకి ఇన్ని కిలోమీటర్లని లెక్క కట్టుకోకండి. తర్వాతి నీళ్ళు ఎక్కడ, తర్వాతి భోజనం ఏ టైముకి, రాత్రి పడక ఎక్కడ అన్న మూడూ ముందు తేల్చుకోండి. కిలోమీటర్లు వాటి వెనకే వస్తాయి.

ఎప్పుడు వెళ్ళాలి

మే రెండో సగం నుంచి జూన్ చివరిదాకా ఒక అదను, సెప్టెంబరు మొదటి నుంచి అక్టోబరు మధ్యదాకా ఇంకొకటి. తెరువేల్, కాలమోచా, మొలీనా దె అరగోన్ ఊళ్ళ మధ్య ప్రాంతం స్పెయిన్‌లోకెల్లా చలికి పేరుమోసింది. 1963 డిసెంబరులో కాలమోచా దగ్గర మైనస్ 30 డిగ్రీలు నమోదైంది. జూన్‌లో కూడా 1,500 మీటర్ల మీద తెల్లవారుజామున 4, 5 డిగ్రీలకి పడిపోవడం మామూలే. మధ్యాహ్నం మళ్ళీ 28 ఉంటుంది. కాబట్టి లావుపాటి స్వెటరు ఒకటి కాకుండా, పల్చటివి మూడు పొరలు, గాలి ఆపే జాకెట్, వేళ్ళు పూర్తిగా కప్పే గ్లవ్స్ పెట్టుకోండి. ఎక్కేటప్పుడు చెమట పట్టి, దిగేటప్పుడు అదే చెమట మీద చలిగాలి కొడితే వేళ్ళు కొయ్యబారి బ్రేకు పట్టు చిక్కదు. దిగుడు మొదలుకాక ముందే, శిఖరం మీదే జాకెట్ వేసుకోవాలి.

ఆగస్టు వద్దు. ఊరూరా జాతరలు, గదులు దొరకవు. పైగా వేసవిలో మధ్యాహ్నం దాటాక ఉరుములతో వానలు పడతాయి. ఆ నెలల్లో తప్పనిసరైతే పొద్దున ఆరున్నరకే బయల్దేరి ఒంటిగంటకల్లా ఊరు చేరండి. సెప్టెంబరు చివర్లో వెళ్ళేవాళ్ళకి ఇంకో లాభముంది: మగ దుప్పులు జోడు కోసం అరిచే కాలం అది, పొద్దుగుంకేవేళ అడవంతా ఆ అరుపే వినపడుతుంది. అక్టోబరు నుంచి శని, ఆదివారాల్లో అడవిపందుల వేట ఉంటుంది. బాట మొదట్లో 'బతీదా' అని పసుప్పచ్చ బోర్డు కనబడితే వాదన పెట్టుకోకుండా వేరే దారి చూసుకోండి.

వారం రోజుల చుట్టు

తెరువేల్‌లో మొదలై తెరువేల్‌లోనే ముగిసే చుట్టు ఇది. వాలెన్సియా నుంచి బస్సుకి రెండు గంటల పైచిలుకు. రైలూ ఉంది. ప్రాంతీయ రైళ్ళలో సైకిల్‌ని విప్పకుండానే ఎక్కించవచ్చు గానీ, ఒక్కో రైల్లో చోటు కొద్ది సైకిళ్ళకే, ముందే బుక్ చేయాలి. ఈ లైను మీద పట్టాల పనులు జరిగేటప్పుడు రైలు బదులు బస్సు వేస్తారు. ఆ బస్సులో సైకిల్‌కి చోటివ్వకపోవచ్చు. టికెట్ కొనే ముందు ఆ తారీకు రైలు నడుస్తోందా, బస్సు వేశారా అని తప్పకుండా చూడండి.

మొదటి రోజు తేలిక, దాదాపు 45 కి.మీ. తెరువేల్ 915 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి ఉత్తరంగా, పాత గనుల రైలు కట్ట మీద వేసిన 'వియా వెర్దె' అనే సైకిల్ బాట పట్టుకుని సెయా చేరండి. అక్కడ ఎడమకి తిరిగి హేయా వైపు వెళ్తుంటే రోడ్డు పక్కనే రాతిని తొలిచిన రోమన్ కాలువ తగులుతుంది. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో గ్వాదలవియార్ నీళ్ళని అల్బరాసిన్ నుంచి సెయాకి తేవడానికి దాదాపు 25 కి.మీ. తవ్వారు. సొరంగం లోపలికి నడిచి చూడనిస్తారు, సైకిల్ బూట్లు జారతాయి, జాగ్రత్త. హేయా నుంచి ఏ-1512 రోడ్డు నది వెంటే అల్బరాసిన్‌కి ఎక్కుతుంది. పాత ఊరు కొండ మీద ఉంది, వీధులు నిలువుగా ఉంటాయి. బరువుతో ఉన్న సైకిల్‌ని పైదాకా తొయ్యకండి. కింద రోడ్డు పక్కన ఉన్న లాడ్జీలో దిగి, నడిచి ఎక్కి చూడండి.

రెండో రోజు రోయువేలా, కాలొమార్దె, ఫ్రీయాస్ మీదుగా తాహో పుట్టిన చోటుకి, దాదాపు 40 కి.మీ. అంతా తారు రోడ్డు, దాదాపు అంతా ఎక్కుడే. రోయువేలా నుంచి కాలొమార్దె మీదుగా పోయే ఇరుకు లోయలో ఒక జలపాతం ఉంది, రోడ్డు నుంచి పది నిమిషాలు నడిస్తే చాలు. ఫ్రీయాస్‌లో నీళ్ళు నింపుకోండి, భోజనం కూడా అక్కడే. ఊట దగ్గర, సుమారు 1,590 మీటర్ల ఎత్తులో, 'తండ్రి తాహో' ఇనుప విగ్రహం నిలబెట్టారు. ఎండాకాలంలో అక్కడ సన్నటి ధార మాత్రమే ఉంటుంది, దాన్ని నమ్ముకుని ఖాళీ సీసాలతో రావద్దు. రాత్రికి వెనక్కి ఫ్రీయాస్‌కైనా దిగండి, లేదా గ్వాదలవియార్ ఊరికి పొండి. ఏది ఎంచుకున్నా గది ముందు రోజే ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలి.

మూడో రోజే యాత్రకి గుండెకాయ. ఊట నుంచి తాహో వెంట అడవి బాటలో పెరలేహోస్ దె లాస్ త్రుచాస్ దాకా. నది చీలమండల లోతు వాగులా మొదలై, సాయంత్రానికి సున్నపురాతి గోడల మధ్య ఆకుపచ్చటి ప్రవాహం అవుతుంది. ఈ బాటలో ఊరు లేదు, కొట్టు లేదు, సిగ్నల్ లేదు. కంకర బాట సగటున 10 కి.మీ. వేగం మించనివ్వదు. సీసాల్లో 4 లీటర్లు, సంచిలో రెండు పూటల తిండి లేనిదే దిగకండి. జీఆర్-113 అనే నడక బాట గుర్తులు కూడా నది పొడుగునా కనిపిస్తాయి. వాటిని గుడ్డిగా పట్టుకుంటే కొన్నిచోట్ల సైకిల్‌ని భుజానికెత్తుకోవాల్సి వస్తుంది. వెడల్పాటి అటవీ బాట వదలకండి. ముందురోజు గట్టి వాన పడితే ఈ లోయ మానేసి ఫ్రీయాస్ నుంచి వియార్ దెల్ కోబో, త్రమకస్తీయా, నొగేరా మీదుగా ఒరివేలా దెల్ త్రెమెదాల్‌కి తారు రోడ్డు పట్టుకోవడమే తెలివి. కారణం మట్టి గురించి చెప్పేటప్పుడు తెలుస్తుంది.

నాలుగో రోజు ఆల్తో తాహో సహజ ఉద్యానవనం లోపల, తరవియా చెరువు మీదుగా శాన్ పేద్రో వంతెన వైపు. తలెత్తితే రాబందులు కనిపిస్తూనే ఉంటాయి. వంతెన దగ్గర గాయో నది తాహోలో కలుస్తుంది. రాత్రికి పైన సవోరేహాస్ ఊరు ఉంది గానీ, రోజు చివర్లో దాదాపు 300 మీటర్ల నిట్టెక్కుడు. అందుకు ఒక గంట, ఒక లీటరు నీళ్ళు విడిగా దాచుకోండి.

ఐదో రోజు వంతెన దగ్గరికి దిగి, గాయో నదికి ఎదురుగా తొరేతె, బర్రాంకో దె లా ఓస్ మీదుగా మొలీనా దె అరగోన్. ఎర్రరాతి గోడల మధ్య రోడ్డు, పక్కనే నది, బండ కింద కట్టిన గుడి. మొలీనాలో సూపర్ మార్కెట్, మందుల షాపు, ఏటీఎం అన్నీ ఉన్నాయి. మధ్యలో ఒక విశ్రాంతి రోజు పెట్టుకునేవాళ్ళు ఇక్కడే పెట్టుకోవాలి, బట్టలు ఉతుక్కోవడానికి కూడా ఇదే చోటు.

ఆరో రోజు చేకా లేదా ఒరేయా వైపు నుంచి ఒరివేలా దెల్ త్రెమెదాల్. ఊరి పైన అడవిలో 'రాతి నదులు' ఉన్నాయి: మంచుయుగం నాటి గడ్డకట్టే చలికి పగిలిన బండరాళ్ళు లోయ పొడుగునా ప్రవాహంలా పరుచుకుని ఉంటాయి. ఏడో రోజు పొద్దున కనుమ ఎక్కితే, ఆ తర్వాత నొగేరా, తోర్రెస్, అల్బరాసిన్ మీదుగా తెరువేల్ దాకా ఎక్కువ భాగం దిగుడే, 75 కి.మీ. దాకా ఉంటుంది.

టైము అంచనాకి ఒక లెక్క: తారు మీద 15 కి.మీ.కి ఒక గంట, కంకర మీద 10 కి.మీ.కి ఒక గంట. పైన ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకీ 10 నిమిషాలు కలపండి. 40 కి.మీ. తారు, 800 మీటర్ల ఎక్కుడు అంటే రెండు గంటల నలభై, ఇంకో గంటా ఇరవై, కలిపి నాలుగు గంటలు. అది తొక్కే టైమే. ఆగేది, తినేది వేరు.

గేర్లు: ఇక్కడ పొదుపు పనికిరాదు

మన దగ్గర అమ్మే హైబ్రిడ్, రోడ్ సైకిళ్ళలో కొన్నింటికి ముందు, పెడల్ దగ్గర, చిన్న పళ్ళచక్రానికి 34 పళ్ళు, వెనక పెద్దదానికి 34 పళ్ళు. అంటే పెడల్ ఒక చుట్టుకి చక్రమూ ఒక చుట్టు. నిమిషానికి 60 సార్లు తొక్కితే గంటకి 8 కి.మీ. వేగం వస్తుంది. పది శాతం ఎక్కుడులో, మనిషి, సైకిల్, సామాను కలిపి 96 కిలోలుంటే ఆ వేగానికి దాదాపు 225 వాట్లు కావాలి. అంత బలం గంటసేపు పెట్టడం చాలామంది రైడర్లకి కష్టం. తొక్కుడు నెమ్మదించి, మోకాళ్ళ మీద భారం పడుతుంది. మూడో రోజుకి మోకాలి చిప్ప కింద నొప్పి మొదలయ్యేది అందుకే.

అదే ముందు 32, వెనక 51 పళ్ళుంటే అదే తొక్కుడుకి గంటకి 5 కి.మీ., కావాల్సింది 145 వాట్ల లోపు. ముందు మూడు చక్రాలున్న పాత మౌంటెన్ బైక్, 22 ముందు, 34 వెనక, దాదాపు ఇదే ఫలితం ఇస్తుంది. కొత్త ఖరీదైన సైకిల్ కొనకుండా అది బాగు చేయించుకుని వెళ్ళేవాళ్ళు ఏమీ నష్టపోరు.

టైరు వెడల్పు 45 నుంచి 50 మి.మీ. గాలి ముందు 28, వెనక 33 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, బరువుని బట్టి అటూ ఇటూ మార్చుకోండి. కంకరలో రిమ్ము రాయికి కొట్టుకుంటే రెండు పీఎస్ఐ పెంచండి. చేతులు తిమ్మిరెక్కుతుంటే రెండు తగ్గించండి.

డిస్క్ బ్రేకు ప్యాడ్లు కొత్తవి రెండు జతలు తీసుకెళ్ళండి. మీ బ్రేకు మోడల్‌కి సరిపోయేవి మొలీనాలో దొరుకుతాయని ఆశపెట్టుకోవద్దు. పొడుగాటి దిగుడులో లీవరు నొక్కిపట్టి ఉంచితే డిస్కు కాగి, ప్యాడ్ పైపొర గాజులా నునుపెక్కి, ఆ తర్వాత ఎంత నొక్కినా పట్టదు. గట్టిగా రెండు క్షణాలు నొక్కి వదలడం, మళ్ళీ నొక్కడం, అదే పద్ధతి. ముందూ వెనకా రెండూ వాడండి. వెనక చక్రం ఇరుసు దగ్గర, గేర్లు మార్చే డిరైలర్ వేలాడే చిన్న అల్యూమినియం ముక్క, దాన్నే హ్యాంగర్ అంటారు, ఒకటి అదనంగా సంచిలో ఉండాలి. ఒక్కో సైకిల్‌కి ఒక్కో ఆకారం, బయట కొందామంటే దొరకదు. చెయిన్ కలిపే లింకులు రెండు, స్పోకులు మూడు, ఎం5 బోల్టులు నాలుగు, ప్లాస్టిక్ టైలు పది. కంకర కుదుపుకి క్యారేజీ బోల్టులు వదులవుతాయి. రోజూ సాయంత్రం ఒకసారి బిగించి చూడటం అలవాటు చేసుకోండి.

సామాను మొత్తం 12 కిలోలు మించకూడదు. బరువైనవి కింద, మధ్యలో. హ్యాండిల్ మీద 3 కిలోలు దాటితే కంకర దిగుడులో ముందు చక్రం మాట వినదు.

పల్లేరు కాయలు, బంకమట్టి

స్పెయిన్‌లో 'అబ్రోహో' అని పిలిచే ముల్లు మనకి కొత్తది కాదు, అది మన పల్లేరే. అదే మొక్క, అదే కాయ. వేసవి చివర్లో, తెరువేల్ చుట్టుపక్కల పల్లపు ఎండు నేలల్లో, రోడ్డు అంచుల్లో, బండ్లు ఆపే ఖాళీ స్థలాల్లో పాకి ఉంటుంది. పైన పైన్ అడవుల్లో ఈ బాధ తగ్గుతుంది. ఎటు పడేసినా ఒక ముల్లు పైకే చూస్తుంది కాబట్టి టైరుకి దొరక్కుండా పోదు. నీడ కోసం సైకిల్‌ని రోడ్డు పక్క ఎండుగడ్డిలోకి దొర్లించడమే ఎక్కువ పంక్చర్లకి కారణం. ఎత్తి పట్టుకుని తీసుకెళ్ళండి.

ట్యూబులెస్ టైరైతే ఒక్కోదాంట్లో చిల్లు పూడ్చే ద్రవం, సీలెంట్, 70 నుంచి 80 మి.లీ. పోసుకుని బయల్దేరండి. అక్కడి పొడిగాలికి అది త్వరగా ఎండుతుంది, రెండు నెలల కిందట పోసింది లెక్కలోకి రాదు. ముల్లు కనబడగానే పీకెయ్యాలనిపిస్తుంది. ఆగండి. ముందు చక్రాన్ని తిప్పి ముల్లున్న చోటు నేలకి దించండి, సీలెంట్ అక్కడ చేరుతుంది. అర నిమిషం తర్వాత పీకండి. తెల్లటి బుడగ వస్తుంది, వేలు పెట్టి నొక్కి పట్టుకోండి, చక్రం నాలుగు చుట్లు తిప్పండి. బుడగ ఆగిందంటే గాలి చూసుకుని బయల్దేరవచ్చు. ఆగకపోతే రబ్బరు ప్లగ్ సూదితో దింపి, తోక మూడు మి.మీ. వదిలి కత్తిరించండి. మామూలు ట్యూబు వాడేవాళ్ళు కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపలంతా వేలితో తడిమి చూడాలి. ఒకే కాయకి రెండు మూడు ముళ్ళు విరిగి ఉండిపోతాయి. తొందర్లో ఒకటే తీసి మళ్ళీ పంక్చర్ చేసుకునేవాళ్ళే ఎక్కువ.

ఇక మట్టి. తెరువేల్ కింది భాగాల ఎర్రమట్టి, లోయల్లోని బూడిదరంగు మట్టి, రెండూ వానకి బంకే. తడి బాటలో యాభై మీటర్లు తొక్కితే టైరుకి పట్టిన మట్టి ఫోర్కులో, బ్రేకుల దగ్గర నిండి చక్రం తిరగనంటుంది. అప్పుడు బలంగా తొక్కడమే పెద్ద తప్పు. మట్టికి, గడ్డికి చిక్కుకున్న చెయిన్ డిరైలర్‌ని వెనక్కి లాగుతుంది, హ్యాంగర్ విరిగి డిరైలర్ స్పోకుల్లో పడుతుంది. ఊరు ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఇది యాత్రకి ముగింపే. చక్రం బిగుసుకోగానే దిగండి, సైకిల్‌ని బాట పక్క గడ్డి మీదకి ఎత్తండి, పుల్లతో మట్టి గోకండి, తారు రోడ్డు ఎటు దగ్గరైతే అటు నడిపించండి. మడ్‌గార్డులుంటే ఇంకా త్వరగా బిగుస్తుంది, ఈ చుట్టుకి అవి ఇంట్లో ఉంచడమే మేలు. ఎండ, గాలి బాగా ఉంటే చాలా బాటలు మర్నాటికల్లా గట్టిపడతాయి. ఒక పూట ఊళ్ళో కూర్చోవడం నష్టం కాదు.

నీళ్ళు, తిండి

దాదాపు ప్రతి ఊళ్ళో నడిబొడ్డున రాతి పంపు ఉంటుంది, 'ఫ్వెంతె' అంటారు. 'అగ్వా పొతాబ్లే' అని రాసుంటే తాగవచ్చు. 'నో పొతాబ్లే' అంటే వద్దు. 'సిన్ గరంతియా' లేదా 'నో త్రతాదా' అంటే శుద్ధి చేయని నీళ్ళని. ఊరివాళ్ళు తాగుతారు, మీరు ఫిల్టరు పెట్టుకోండి. నది నీళ్ళు ఎంత తేటగా ఉన్నా పైన గొర్రెలూ ఆవులూ మేస్తుంటాయి, ఫిల్టరు లేకుండా తాగవద్దు. మూడో రోజుకి 4 లీటర్లు, మిగతా రోజులకి 2.5 లీటర్లు పట్టే ఏర్పాటు సరిపోతుంది.

బారు అనగానే మందు దుకాణం అనుకోకండి. స్పెయిన్ పల్లెలో బారంటే టీ హోటలు, మెస్సు, రచ్చబండ అన్నీ కలిపి. పొద్దున కాఫీ, పదిన్నరకి బ్రెడ్డు మధ్యలో ఏదైనా పెట్టిన 'బొకాదియో', మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య 'మెను దెల్ దియా' అనే ఫుల్ మీల్స్, దాదాపు 15 యూరోలకి రెండు వంటకాలు, బ్రెడ్డు, తాగడానికి ఏదో ఒకటి, తీపి. రాత్రి భోజనం తొమ్మిదికి ముందు పెట్టరు. ఏడు గంటలకి ఆకలితో చేరితే రెండు గంటలు కూర్చోవాలి, సంచిలో ఏదో ఒకటి ఉంచుకోండి. కొట్లు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా మూస్తారు, ఆదివారం అసలు తెరవకపోవచ్చు. చిన్న ఊళ్ళో ఉన్న ఒక్క బారుకీ వారంలో ఒక రోజు సెలవుంటుంది, 'దెస్కాన్సో' అని తలుపు మీద రాస్తారు. రేపు ఆగబోయే ఊరి బారు రేపు తెరిచి ఉంటుందా అని ఇవాళ్టి బారులో అడగండి. ఇంటర్నెట్ కన్నా వాళ్ళకే బాగా తెలుసు.

శాకాహారులకి ఇక్కడ జాగ్రత్త కావాలి. తెరువేల్ పంది తొడ మాంసానికి పేరున్న చోటు. పప్పులోనూ, కూరగాయల్లోనూ, రొట్టె ముక్కలు వేయించిన 'మీగాస్'లోనూ అది రుచి కోసం వేస్తారు. 'సోయ్ వెహెతరియానో' అంటే 'సరే' అని చేపలు పెట్టిన సలాడ్ తెచ్చే సందర్భాలుంటాయి. దానికి తోడు 'సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ అతూన్' అని మూడూ విడివిడిగా చెప్పండి: మాంసం, పంది తొడ, టూనా చేప లేకుండా అని. గుడ్డు తినేవాళ్ళకి బంగాళాదుంపల అట్టు 'తొర్తీయా దె పతాతాస్' దాదాపు ఎక్కడైనా దొరుకుతుంది. గుడ్డూ తిననివాళ్ళు జున్ను బొకాదియో, టమాటా పూసిన రొట్టె, బాదం, ఎండు అంజీర మీద నెట్టుకురావచ్చు. ఇంటి నుంచి అరకిలో అటుకులు, పల్లీల పొడి, ఊరగాయ చిన్న సీసా తీసుకెళ్ళండి. అటుకులకి పొయ్యి అక్కర్లేదు, పంపు నీళ్ళు చాలు. మూడో రోజు నది ఒడ్డున మధ్యాహ్న భోజనానికి వాటిని మించింది లేదు.

చేతిలో 150 యూరోల నగదు, పది, ఇరవై నోట్లలో ఉంచుకోండి. ఏటీఎం లేని ఊళ్ళే ఎక్కువ.

పడక, మంట

'ఓస్తాల్' అంటే చిన్న లాడ్జీ, 'అల్బెర్గె' అంటే మంచానికి అద్దె కట్టే వసతి. 'కాసా రురాల్' అనే పల్లె ఇళ్ళు వారాంతాల్లో రెండు రాత్రులకి తక్కువ ఇవ్వకపోవచ్చు. చాలామంది యజమానులు ఫోన్‌కో వాట్సాప్‌కో పలుకుతారు, సైట్లలో ఉండరు. గదిలో దిగేటప్పుడు పాస్‌పోర్ట్ అడుగుతారు, అది అక్కడి చట్టం.

గుడారం ఎక్కడపడితే అక్కడ వేయనివ్వరు. ఆల్తో తాహో ఉద్యానవనంలో కేటాయించిన చోట తప్ప వెయ్యకండి. మంట విషయంలో అసలు మినహాయింపు వెతకొద్దు. 2005 జూలైలో ఈ ప్రాంతంలోనే, రీబా దె సాయెలీసెస్ దగ్గర, సరిగా ఆర్పని ఒక వంట పొయ్యి నుంచి మంటలు లేచి 11 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు, 12 వేల హెక్టార్లకి పైగా అడవి కాలిపోయింది. ఆ ఊళ్ళల్లో అది ఇంకా పచ్చి గాయమే. జూన్ నుంచి సెప్టెంబరు చివరిదాకా అడవిలో క్యాంపు స్టవ్ కూడా వెలిగించకండి.

కుక్కలు, పశువులు, పోలీసు నియమాలు

గొర్రెల మందతో 'మస్తీన్' అనే పెద్ద కుక్కలు ఉంటాయి. తోడేళ్ళని ఎదిరించడానికి పెంచిన జాతి అది. వేగంగా వచ్చే సైకిల్ దాని కంటికి శత్రువే. మంద కనబడగానే ఆగి దిగండి, సైకిల్‌ని కుక్కకి, మీకు మధ్య ఉంచండి, మామూలు గొంతుతో మాట్లాడుతూ మందని చుట్టి నడవండి. పరిగెత్తకండి, రాయి ఎత్తకండి. కాపరి కనిపిస్తే చెయ్యి ఊపి పలకరించండి, ఆయన ఒక్క కేక వేస్తే అది వెనక్కి పోతుంది. 'గనాదో బ్రావో' బోర్డున్న కంచె లోపల పోట్లాట ఎద్దులుంటాయి, అడ్డదారి కోసం లోపలికి వెళ్ళొద్దు. గేటు మూసి ఉంటే దాటాక మళ్ళీ మూయండి. రోడ్డుకి అడ్డంగా ఇనుప గొట్టాల వరస వస్తే చక్రం నిటారుగా పోనిచ్చి దాటండి, ఏటవాలుగా వెళ్తే ముందు చక్రం జారుతుంది.

ఊళ్ళ బయట హెల్మెట్ తప్పనిసరి. చీకటిలో, సొరంగాల్లో ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, 150 మీటర్ల దూరానికి మెరిసే జాకెట్ ఉండాలి. కార్లు మిమ్మల్ని దాటేటప్పుడు మీటరున్నర ఎడం వదలాలన్నది అక్కడి నియమం, పల్లె రోడ్లలో చాలామంది పాటిస్తారు. ప్రమాదమొస్తే 112. లోయల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి స్పెయిన్ జాతీయ భూగోళ సంస్థ వాళ్ళ 1:25,000 మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి, ఫోన్‌లో ముందే దించుకోండి. ఫోన్ మ్యాపులో దారి గీసి చూపే జీపీఎక్స్ ఫైలు రెండు పరికరాల్లో ఉంచండి. ఏ దారిన వెళ్తున్నారో రాత్రి బస ఇవ్వబోయే మనిషికి ఫోన్‌లో చెప్పిపెట్టండి.

తిరిగి సముద్రం దాకా

ఇంకా రెండు రోజులుంటే తెరువేల్ నుంచి బస్సెక్కకుండా ఓహోస్ నేగ్రోస్ వియా వెర్దె మీద సగుంతో దాకా దిగండి, దాదాపు 140 కి.మీ. ఓహోస్ నేగ్రోస్ గనుల ఇనుప ఖనిజాన్ని సగుంతో రేవుకి మోసిన రైలు దారి ఇది, 1907 నుంచి 1972 దాకా నడిచింది. బరువైన బండ్ల కోసం వేసిన కట్ట కనుక వాలు ఎక్కడా ఇబ్బంది పెట్టదు. తెరువేల్ నుంచి ఎస్కాందోన్ కనుమ, సుమారు 1,220 మీటర్ల దాకా నిదానమైన ఎక్కుడు, ఆ తర్వాత ఎక్కువ భాగం దిగుడే. కొండల చుట్టు కష్టమనుకునే కొత్తవాళ్ళు ఈ భాగం ఒక్కటే చేసినా మంచి యాత్రే. కనుమ దాటేదాకా నీళ్ళు దొరకవు, తెరువేల్‌లోనే నింపుకోండి. కొన్ని సొరంగాల్లో దీపాలు వెలగవు. ఎండలోంచి చీకట్లోకి వెళ్ళే ముందే నల్లద్దాలు తీసి, లైటు వేసి, నెమ్మదించండి. మొదటి రాత్రికి సర్రియోన్ లేదా బర్రాకాస్, మర్నాడు హేరికా, నవాహాస్ జలపాతం, సెగోర్బె. వియా వెర్దె అల్హీమియా దగ్గర ముగుస్తుంది, అక్కడి నుంచి సగుంతోకి రోడ్డే.

సగుంతో నుంచి వాలెన్సియాకి లోకల్ రైలు ఉంది, సైకిల్ విప్పకుండా ఎక్కించవచ్చు. విమానానికి అట్టపెట్టె కావాలంటే వాలెన్సియాలో సైకిల్ షాపుకి తెరువేల్ నుంచే ఫోన్ చేసి ఒకటి పక్కన పెట్టమనండి. పెట్టెలో పెట్టేటప్పుడు డిరైలర్‌ని హ్యాంగర్ నుంచి విప్పి గుడ్డలో చుట్టి ఫ్రేముకి కట్టండి, డిస్కుల మధ్య అట్టముక్క దోపండి. ఎడమ పెడల్ మర రివర్సు, సవ్యదిశలో తిప్పితేనే ఊడుతుంది.